పాట ఊరు దాటినప్పుడు: ‘సారంగ దరియా’ వివాదం - ఉత్తర తెలంగాణ పాటల సంప్రదాయంలో పేరు ప్రశ్న

వ్యాససంగ్రహం:

2021లో విడుదలైన ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగ దరియా’ నృత్యగీతం విశేషమైన జనాదరణ పొందింది. ఆ పాటను తాను అంతకుముందే వెలుగులోకి తెచ్చానని, తన పేరు ఎక్కడా లేదని వరంగల్ ప్రాంత జానపద గాయని కోమలి ప్రశ్నించడంతో వివాదం రేగింది. ఈ వివాదాన్ని చాలామంది “పాట ఎవరి సొత్తు?” అన్న కోణంలోనే చర్చించారు. పాటపై యాజమాన్యం వేరు, పాటను మోసుకువచ్చిన గొంతుకు దక్కవలసిన గుర్తింపు వేరు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల గేయ సంప్రదాయాల్లో పేరు లేకపోవడానికి ఉన్న భిన్న కారణాలను విడదీసి చూపి, వాటి వెలుగులో ఈ వివాదాన్ని, జానపద పరిశోధకుల బాధ్యతను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జానపద గేయం, సినిమా పాట, గాయని, సేకరణ, అనుసరణ, ప్రదర్శకుల హక్కులు, ఉత్తర తెలంగాణ.

1. ఉపోద్ఘాతం:

జానపద గేయాన్ని నిర్వచించేటప్పుడు మన పాఠ్యగ్రంథాలు చెప్పే మొదటి లక్షణం అజ్ఞాతకర్తృకత్వం. కర్త ఎవరో తెలియదు, నోటి నుండి నోటికి వ్యాపిస్తుంది, పాఠాంతరాలు ఉంటాయి. ఈ లక్షణాలను మనం తరగతి గదిలో ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాం. కర్త తెలియదన్న మాట నుండి పాడినవారూ తెలియదన్న మాటకు జారిపోవడం మాత్రం చాలా సులువుగా జరుగుతోంది. కర్త తెలియకపోవడం గతానికి సంబంధించిన విషయం. పాడినవారి పేరు చెప్పకపోవడం వర్తమానంలో, మన కళ్లముందే జరుగుతున్న పని. మొదటిది లక్షణం, రెండవది నిర్ణయం. ఈ రెండింటినీ కలిపివేసే మాటగా ‘జానపదం’ అన్న పదం సినిమా రంగంలోనూ, కొంతవరకు పరిశోధన రంగంలోనూ వాడుకలో ఉంది.

‘సారంగ దరియా’ వివాదం ఈ కలగాపులగాన్ని బయటపెట్టింది. అది ఒక సినిమా వార్తగా వచ్చి పోయినా, అది లేవనెత్తిన ప్రశ్న జానపద సాహిత్యాన్ని బోధించేవారికి, పరిశోధించేవారికి ఇప్పటికీ సజీవమైనదే.

2. వివాద పూర్వాపరాలు:

శేఖర్ కమ్ముల దర్శకత్వంలో నాగచైతన్య, సాయిపల్లవి నటించిన ‘లవ్ స్టోరీ’కి సంగీతం పవన్ సి.హెచ్. ఈ చిత్రంలోని ‘సారంగ దరియా’ పాటకు సాహిత్యం సుద్దాల అశోక్‌తేజ, గానం మంగ్లీ, నృత్య దర్శకత్వం శేఖర్ మాస్టర్. 2021 ఫిబ్రవరి 28న పాట విడుదలైంది. నెలన్నర తిరగకముందే యూట్యూబులో పది కోట్ల వీక్షణలు దాటింది. కోవిడ్ కారణంగా వాయిదా పడుతూ వచ్చిన సినిమా ఆ ఏడాది సెప్టెంబరు 24న గాని థియేటర్లకు రాలేదు. అంటే సినిమా కంటే దాదాపు ఏడు నెలల ముందే పాట తెలుగునాట ఇంటింటికీ చేరింది.

పాట మార్మోగుతున్న ఆ తొలి రోజుల్లోనే కోమలి ముందుకు వచ్చారు. ఇంటి పెద్దల నోట నేర్చుకున్న ఆ పాటను మా టీవీలో ప్రసారమైన ‘రేలా రే రేలా’ జానపద గీతాల కార్యక్రమంలో తాను పాడానని, సినిమాలో పాడే అవకాశం గాని, కనీసం పేరు గాని తనకు దక్కలేదని ఆమె ఆవేదన. ఆ కార్యక్రమ న్యాయనిర్ణేతల్లో సుద్దాల అశోక్‌తేజ ఒకరు. 2021 మార్చిలో దర్శకుడు బహిరంగంగా స్పందించారు. కొన్నేళ్ల కిందట ఒక కార్యక్రమంలో మరొక గాయని పాడగా ఆ పాట విని మనసులో ఉంచుకున్నానని, దానిని వెలుగులోకి తెచ్చినది కోమలి అని తెలిశాక ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇవ్వడానికి అంగీకరించామని ఆయన తెలిపారు. వివాదం న్యాయస్థానం దాకా వెళ్లకుండా సర్దుమణిగింది.

ఇక్కడ ఒక అంశాన్ని గుర్తించాలి. సినిమా బృందానికి ఈ పాట ఏ పొలం గట్టునో, ఏ పేరు తెలియని కూలి నోటనో దొరకలేదు. అప్పటికే అది టెలివిజన్ వేదిక ఎక్కింది. పోటీ కార్యక్రమంలో పాడినవారికి ఒక ముఖం, ఒక పేరు, ఒక ఊరు ఉంటాయి. అందువల్ల ఈ పాట విషయంలో ‘అజ్ఞాత’ అన్న విశేషణం తొలికర్తకు మాత్రమే వర్తిస్తుంది. మధ్యలో దాన్ని మోసినవారు అజ్ఞాతులు కారు. దర్శకుని వివరణలోనే ఇద్దరు గాయనుల ప్రస్తావన ఉండడం దీనికి నిదర్శనం.

గుర్తింపు ఎలా ఇవ్వాలో తెలియక ఇలా జరిగిందనుకోవడానికీ వీలు లేదు. ఇదే దర్శకుని 2017 నాటి ‘ఫిదా’లో ‘వచ్చిండే’ పాట పాడినది గోదావరిఖనికి చెందిన మధుప్రియ. బాల్యం నుండి జనం పాటలు పాడుతూ ఎదిగిన ఆమె గొంతు ఆ పాటకు తెలంగాణ పల్లె గుణాన్ని తెచ్చిపెట్టింది. ఆ గొంతుతో పాటు ఆమె పేరు కూడా పాట మీద ఉంది. గాయని తెరవెనుక స్టూడియోలో ఉన్నప్పుడు పేరు దక్కింది. గాయని పాటకు మూలంలో ఉన్నప్పుడు దక్కలేదు. ఈ తేడాయే మన పరిశీలనకు కేంద్రం.

3. పాట నిర్మాణం - పల్లవి, చరణాలు:

సినిమా పాటగా ‘సారంగ దరియా’ రెండు పొరలుగా ఉంది. జానపదం నుండి వచ్చిన పల్లవి ఒక పొర. దానికి సినీకవి కూర్చిన చరణాలు రెండో పొర. పల్లవిలో ఉన్నది ఒకే ఒక చిత్రం: భుజాన కడవతో నడిచిపోతున్న, పిలిచినా రాని ఒక పడుచు. వర్ణన అతి తక్కువ. ఆమె నడక, చూసేవారి నిస్సహాయత మాత్రమే కనిపిస్తాయి. పాదాలు పొట్టివి, చివరి మాట మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. పని చేసుకుంటూ పాడే పాటలకు, వలయంగా తిరుగుతూ ఆడే పాటలకు ఈ నిర్మాణం సహజం. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకోవడానికి వీలుగా ఉండడమే దాని బలం.

చరణాల్లోకి వచ్చేసరికి ఉపమానాలు పెరుగుతాయి, ప్రాసలు చిక్కబడతాయి, నాయిక అందం, తెగువ అంశాలవారీగా విస్తరిస్తాయి. తెలంగాణ నుడికారం తెలిసిన కవి చేతి నేర్పు అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. అనుసరణగా అది సమర్థమైన రచన. అయినా శ్రోత జ్ఞాపకంలో మొదట నిలిచేది పల్లవే. పెళ్లి ఊరేగింపుల్లో, కళాశాల వార్షికోత్సవాల్లో జనం కలిసి పాడేదీ, అడుగు వేసేదీ ఆ పల్లవికే. నృత్యగీతానికి ప్రాణం లయ అనుకుంటే, ఈ పాట లయకు మూలం ఆ పల్లవి పాదాల కొలతలోనే ఉంది.

పాట కథన దృక్కోణం కూడా గమనింపదగినది. పల్లవిలో స్త్రీని ‘దాని’ అన్న ప్రథమ పురుష సర్వనామంతో ప్రస్తావించడం ఉంది. శిష్టవ్యవహారంలో ఇది చిన్నచూపుగా ధ్వనించవచ్చు. పల్లె పాటలో అది చనువుకు, మురిపానికి గుర్తు. సినిమాలో ఒక స్త్రీ గొంతు ఆ మాట పాడుతుండగా తెరపై నాయిక దానికి నర్తిస్తుంది. దీనివల్ల పురుషుడు స్త్రీని చూసే చూపుగా ఉండగల పాట, స్త్రీ తన్ను తాను మురిపెంగా చెప్పుకునే పాటగా మారింది. మంగ్లీ గానంలోని నిండు గొంతు, సాయిపల్లవి నృత్యంలోని స్వేచ్ఛ ఈ మార్పును సాధించాయి. పాటను ఇంతమంది మెచ్చడంలో వారి భాగం కాదనలేనిది. కోమలి ప్రశ్నను సమర్థించడానికి వీరి ప్రతిభను తగ్గించి చూపవలసిన అవసరం లేదు.

చిత్ర ఇతివృత్తంతో పోల్చినప్పుడు మరొక వైరుధ్యం బయటపడుతుంది. కథలో నాయికా నాయకులది నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ప్రాంతం. నాయకుడు హైదరాబాదులో జుంబా శిక్షణ కేంద్రం నడిపే దళిత యువకుడు. నాయిక బాల్యంలో అనుభవించిన హింసను ఏళ్ల తరబడి నోరు విప్పి చెప్పుకోలేని స్త్రీ. ఎవరి శ్రమకు గౌరవం దక్కుతుంది, ఎవరి మాట వినబడుతుంది అన్నవే ఆ సినిమా అడిగిన ప్రశ్నలు. అటువంటి చిత్రానికి ముందుగా జనంలోకి వెళ్లిన పాట విషయంలోనే ఒక గాయని తన మాట వినమని అడగవలసి వచ్చింది.

4. పేరు లేకపోవడంలో మూడు రీతులు:

“జానపదానికి పేరేమిటి, అది అందరిదీ” అన్న సమాధానం ఈ వివాదంలో తరచుగా వినిపించింది. ఇందులో కొంత నిజం ఉంది. ఎంత నిజం ఉందో తేల్చడానికి ఉత్తర తెలంగాణ మంచి క్షేత్రం. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పేరు లేని పాట ఒకే రకంగా లేదు. అక్కడి పాటల చరిత్రలో కనీసం మూడు రీతులు కనిపిస్తాయి.

4.1 సాముదాయికమైన పేరులేమి:

బతుకమ్మ ఆటలో ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగిలినవారు అందుకుంటారు. నాట్లలో, కలుపుల్లో, బీడీలు చుట్టే వాకిళ్లలో కూడా ఇదే పద్ధతి. పాటకు కర్త ఎవరో ఎవరూ అడగరు. కాని పాట ఎత్తుకోగలిగినది ఎవరో ఊరంతటికీ తెలుసు. ఆమె రానిదే ఆట కట్టదని చెప్పుకోవడం ఊళ్లలో మామూలు. తెలంగాణలో పాట అల్లడాన్ని ‘కైగట్టడం’ అంటారు. కైగట్టినవారు, ఎత్తుకున్నవారు, అందుకున్నవారు అని వాడుక భాషలోనే మూడు పాత్రలకు మూడు మాటలున్నాయి. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు వేరు, వంతపాటగాళ్లు వేరు. వేములవాడ దగ్గరి హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి ఒగ్గు కళాకారుడి పేరు జనంలో నిలిచిపోయింది. ఆయన చెప్పిన మల్లన్న, బీరన్న కథలు ఆయన రాసినవి కావు. అయినా ఆ కథ ఆయన నోట వింటేనే కథ అని జనం అనుకున్నారు.

కాబట్టి సాముదాయిక సంప్రదాయంలో కర్త లేకపోవచ్చు గాని గాయకుడు అనామకుడు కాడు. ఊళ్లో పేరు విడిగా ప్రకటించనక్కర్లేదు, ఎందుకంటే మనిషి కళ్లముందే ఉంటుంది. పాట ఊరు దాటి ఎదురుగా మనిషి లేని చోటికి వెళ్లినప్పుడు ఆ లోటును తీర్చేది పేరొక్కటే. ముఖం తెలిసిన చోట పేరు అనవసరమన్న నియమాన్ని ముఖం తెలియని చోటికి కూడా వర్తింపజేయడంలో ఉన్నది తర్కదోషం.

4.2 ఎంచుకున్న పేరులేమి:

1970ల నుండి ఈ రెండు జిల్లాల్లో రైతాంగ ఉద్యమాలతో పాటే పాట పెరిగింది. 1978 సెప్టెంబరు నాటి జగిత్యాల జైత్రయాత్ర ప్రాంత చరిత్రలో ఒక మలుపు. 1972లో ఏర్పడిన జననాట్యమండలి పల్లె బాణీలను తీసుకుని ఉద్యమ పాటలుగా మలిచింది. ఆ పాటల్లో చాలావాటికి కవి పేరు ఉండేది కాదు, ఉన్నా మారుపేరు ఉండేది. పోలీసు నిఘా ఒక కారణం. పాట వ్యక్తిది కాదు, పోరాటానిది అన్న విశ్వాసం రెండవ కారణం. ఇది పాడేవారు తమంతట తాము తీసుకున్న నిర్ణయం.

దండేపల్లి మండలం లింగాపురంలో 1955లో పుట్టిన గూడ అంజయ్య రాసిన ‘ఊరు మనదిరా’ ఇందుకు మంచి ఉదాహరణ. సభల్లో, ఊరేగింపుల్లో, ఆ తరువాత తెలంగాణ ఉద్యమంలో ఆ పాటను కవి పేరు తెలియకుండానే పాడినవారు లెక్కకు మించి ఉన్నారు. జానపదమనుకుని పాడినవారూ ఉన్నారు. తన పాట అలా జనంలో కలిసిపోవడం ఏ ప్రజాకవికైనా నెరవేరిన కోరికే. 2016లో ఆయన మరణించినప్పుడు మాత్రం ఆ పాటే ఆయన్ను గుర్తుచేసింది. ఎవరు రాశారో తెలిసిన పాట కూడా రెండు మూడు దశాబ్దాల్లో ‘అజ్ఞాతకర్తృకం’గా వినిపించగలదని దీనివల్ల తెలుస్తుంది. జానపదమన్న ముద్ర ఎంతో ప్రాచీనమైనదని మనం భావిస్తాం. కొన్నిసార్లు అది మన అజాగ్రత్త వయస్సంత పాతది మాత్రమే.

4.3 మోపిన పేరులేమి:

మూడవ రీతి విపణి వల్ల ఏర్పడేది. ఇక్కడ పాట చివరకు చేరిన చోట పేర్లు చాలానే ఉంటాయి. నిర్మాత, దర్శకుడు, సంగీత దర్శకుడు, గీత రచయిత, గాయని, నర్తకి, ఆడియో సంస్థ పేర్లన్నీ తెరపై వస్తాయి. పాట బయలుదేరిన చోటికి వచ్చేసరికి మాత్రం ‘జానపదం’ అన్న ఒక్క మాట ఉంటుంది, లేదా అదీ ఉండదు. పేరు మీద ఏ విలువా లేని లోకంలో పేరు లేకపోవడం సమానత. పేరే పెట్టుబడి అయిన లోకంలో ఒక్కరికి మాత్రమే పేరు లేకపోవడం నష్టం. మొదటి రెండు రీతుల్లోని నైతిక గౌరవాన్ని అరువు తెచ్చుకుని మూడవ రీతిని సమర్థించడమే “అది అందరిదీ” అన్న వాదనలోని లోపం.

సినిమా రంగంలో ఇది కొత్త కాదు. 1949 నాటి ‘మహల్’ హిందీ చిత్రం పాటకు తొలుత వచ్చిన గ్రామఫోన్ రికార్డుపై లతా మంగేష్కర్ పేరు లేదు. తెరపై పాత్ర పేరైన ‘కామిని’ అని ముద్రించారు. శ్రోతలు గాయని ఎవరని అడగడం వల్లనే పేరు బయటికి వచ్చింది. నేపథ్య గాయనులు అలా పోరాడి సాధించుకున్న గుర్తింపు, పాటకు మూలమైన జానపద గాయనుల దాకా ఇంకా విస్తరించలేదు. ‘సారంగ దరియా’కు దాదాపు ఏడాది ముందు, 2020 మార్చిలో, బాద్‌షా ‘గేందా ఫూల్’ విషయంలో ఇదే జరిగింది. అందులో వాడిన బెంగాలీ పల్లవి బీర్‌భూమ్ జిల్లాకు చెందిన రతన్ కహార్ 1970లలో కట్టిన పాటలోది. పాత రికార్డుల్లో అది సంప్రదాయ గీతంగా నమోదై ఉన్నందున కర్త పేరు తెలియలేదని వివరణ వచ్చింది. విమర్శల తరువాత ఆ కవికి ఐదు లక్షల రూపాయలు అందాయి. 2024లో ఆయనకు పద్మశ్రీ లభించింది. బతికి ఉన్న కవిని కూడా ‘సంప్రదాయం’ అన్న మాట కప్పివేయగలదని ఆ ఉదంతం చెబుతుంది.

5. పేరు, హక్కు వేరువేరుగా ఉన్న సంప్రదాయం - పర్ధానులు:

పాట సముదాయానిదిగా ఉంటూనే పాడినవారికి నిశ్చితమైన స్థానం ఉండడం సాధ్యమా అన్న ప్రశ్నకు ఆదిలాబాద్ అడవుల్లోనే సమాధానం ఉంది. గోండుల వంశ పురాణాలను, దేవతల కథలను గానం చేసేవారు పర్ధానులు. కీక్రి తీగల మీద కమాను ఆడిస్తూ రాత్రంతా కథ చెబుతారు. ఒక్కొక్క పర్ధాను కుటుంబానికి ఒక్కొక్క గోండు వంశంతో తరతరాల అనుబంధం ఉంటుంది. కథ గోండు వంశానిది, అందులోని పూర్వీకులు వారివారు. ఆ కథను చెప్పే అధికారం, అందుకు కానుక పొందే అర్హత పర్ధానువి. 1940లలో మర్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన హైమెన్‌డార్ఫ్ తన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ గ్రంథంలో ఈ పర్ధానుల గానం మీద విస్తృతంగా ఆధారపడ్డారు.

ఈ ఏర్పాటులో అసమానతలు లేవని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. గమనించవలసినది ఒక్కటే: కథ ఎవరిది అన్న ప్రశ్న, కథ ఎవరు చెప్పాలి, వారికి ఏమి చెల్లాలి అన్న ప్రశ్న అక్కడ వేరువేరుగా ఉన్నాయి. రెండింటికీ వేరువేరు సమాధానాలున్నాయి. మొదటి దానికి ‘అందరిదీ’ అన్న సమాధానం వచ్చినంత మాత్రాన రెండవ ప్రశ్న రద్దు కాదు. అదే మర్లవాయికి చెందిన గుస్సాడి నృత్య గురువు కనకరాజుకు 2021 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. గుస్సాడి ఒక వ్యక్తి సృష్టి కాదు, అది గోండు సమాజపు దండారి వేడుకలో భాగం. అయినా దాన్ని నేర్పి నిలిపిన వ్యక్తి పేరు చెప్పడంలో ప్రభుత్వానికి గాని సమాజానికి గాని ఇబ్బంది కలగలేదు. ‘సారంగ దరియా’ విడుదల ఆ మరుసటి నెలలోనే జరిగింది.

6. చట్టం చూపు:

భారత కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు అందులో చేరింది. 2012 సవరణ ప్రదర్శకులకు నైతిక హక్కులు కూడా ఇచ్చింది. తన ప్రదర్శనకు తన పేరు చెప్పాలని కోరే హక్కు 38బి సెక్షనులో ఉంది. ప్రదర్శకుల నిర్వచనంలో గాయకులు, నర్తకులతో పాటు గారడీవారు, పాములు ఆడించేవారు కూడా ఉన్నారు. కాబట్టి జానపద గాయనికి ఆ నిర్వచనంలో చోటు ఉంది. 1996 నాటి ప్రపంచ మేధో సంపత్తి సంస్థ ఒప్పందం జానపద వ్యక్తీకరణలను ప్రదర్శించేవారిని కూడా ప్రదర్శకులుగానే గుర్తించింది. ఆ ఒప్పందంలో భారతదేశం 2018లో చేరింది.

అయితే ఈ హక్కు గాయని చేసిన ఆ ప్రదర్శనకు, దాని రికార్డుకు మాత్రమే పరిమితం. ఆమె పాడగా విని, ఆ పల్లవిని మరొకరి చేత కొత్తగా పాడిస్తే ఆమె రికార్డును వాడుకున్నట్లు కాదు. అనుసరణ రచయితకు తాను చేర్చిన చరణాలపై హక్కు ఉంటుంది. సంగీత దర్శకునికి తన స్వరకల్పనపై, సినీ గాయనికి తన గానంపై హక్కు ఉంటుంది. పల్లవి మాత్రం ఎవరిదీ కాదు. అంటే చట్టం పాట ప్రయాణంలోని చివరి మజిలీని స్పష్టంగా చూస్తుంది. నడుమ దాన్ని మోసినవారిని చూడదు.

2012 సవరణలోనే చేరిన మరొక నిబంధన ఇంకా ఆలోచింపజేస్తుంది. చలనచిత్రంలో ఒకరి ప్రదర్శన యాదృచ్ఛికమో ఆనుషంగికమో అయి, పరిశ్రమ మామూలు ఆచారం ప్రకారం పేర్లలో ఎక్కడా ప్రస్తావించనిదైతే, వారిని ప్రదర్శకులుగా పరిగణించనక్కర్లేదని అది అంటుంది. ప్రదర్శనను వక్రీకరించినప్పుడు అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటే వారికి మిగులుతుంది. పేరు వేయని ఆచారమే పేరు వేయనక్కర్లేదనడానికి ఆధారమవుతోందన్న మాట. కోమలి ఉదంతానికి ఈ నిబంధన నేరుగా వర్తించకపోయినా, చట్టం ఆచారానికి ఎంత చోటు ఇచ్చిందో దీనివల్ల అర్థమవుతుంది. ఆచారానికి అంత బలం ఉన్నప్పుడు మార్పు కూడా ఆచారంలోనే మొదలుకావాలి.

7. ప్రతివాదనల పరిశీలన:

ఈ వాదనకు మూడు అభ్యంతరాలు రావచ్చు. కోమలికి పేరు ఇస్తే అదే పాట తెలిసిన మిగిలిన స్త్రీల సంగతి ఏమిటన్నది మొదటిది. ఈ ప్రశ్న న్యాయమైనదే. ఒక పల్లవి పలు ఊళ్లలో, పలు పాఠాంతరాలతో ఉండవచ్చు. అయితే ఇక్కడ కోరుతున్నది స్వామ్యం కాదు, మార్గనిర్దేశం. ఈ రచయితకు ఈ పాట ఎవరి ద్వారా అందింది అన్నది నిర్ణయించదగిన వాస్తవం. ఆ వాస్తవాన్ని ప్రకటించడం వల్ల ఇతరుల పాఠాంతరాలకు హాని లేదు.

పేర్లు, పారితోషికాలు మొదలైతే జానపదం సరుకైపోతుందన్నది రెండవ అభ్యంతరం. సినిమాలో చేరిన క్షణానే అది సరుకైంది. ఆ తరువాత మూల గాయనికి మాత్రమే నిష్కామకర్మను బోధించడం ధర్మం అనిపించుకోదు.

సినిమా వల్లనే పాట బతికిందన్నది మూడవ అభ్యంతరం. సినిమా వల్ల పాట వ్యాపించిందన్నది నిజం. కాని సినిమా దాకా బతికించినది ఎవరన్న ప్రశ్నకు ఈ వాదనలో సమాధానం లేదు. ఇంట్లో పెద్దల నోట విని గుర్తుపెట్టుకుని, వేదిక దొరికినప్పుడు పాడి వినిపించిన స్త్రీ లేకపోతే సినిమాకు అందేదేమీ లేదు.

8. పరిశోధకుల బాధ్యత:

సినిమా రంగాన్ని ప్రశ్నించే ముందు మన విద్యారంగపు అలవాట్లను కూడా ఇదే కొలబద్దతో కొలవాలి. 1950లలో బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన తెలుగులో ఈ అధ్యయనానికి పునాది వేసింది. ఆ తరువాత జిల్లాలవారీగా, కులాలవారీగా, పండుగలవారీగా ఎన్నో సిద్ధాంతవ్యాసాలు వచ్చాయి. వాటిలో చాలాచోట్ల పాట కింద ‘సేకరణ’ అన్న మాట పక్కన పరిశోధకుల పేరు ఉంటుంది. పాడినవారి పేరు ఉంటే అనుబంధంలోని పట్టికలో ‘సమాచారదాత’గా, వయస్సు, కులం, ఊరు అన్న గడుల మధ్య ఉంటుంది. ఏ పాట ఎవరు పాడారో ఆ పట్టిక నుండి తెలుసుకోవడం తరచుగా సాధ్యపడదు. పాటను కళగా విశ్లేషించే అధ్యాయంలో ఆమె గాయని కాదు, సమాచారం ఇచ్చిన మనిషి మాత్రమే.

ఒక సంకలనంలో పేరు లేకుండా అచ్చయిన పాట రేపు సినీకవి చేతికి ‘జానపదం’గానే వెళుతుంది. ఆ పేరు తొలిసారి జారిపోయినది సినిమా స్టూడియోలో కాకపోవచ్చు, మన పుటల్లోనే కావచ్చు. అందుచేత ఉత్తర తెలంగాణలో క్షేత్ర పరిశోధన చేస్తున్నవారు, చేయిస్తున్నవారు ఈ కింది పద్ధతులను ఆలోచించవచ్చు.

అ) ప్రతి పాట కిందా పాడినవారి పేరు, ఊరు, పాడిన సందర్భం, రికార్డు చేసిన తేదీ వారి అనుమతితో ముద్రించాలి. పేరు వద్దన్నవారి కోరికను కూడా అదే చోట నమోదు చేయాలి. ఎంచుకున్న పేరులేమికి, మోపిన పేరులేమికి తేడా అప్పుడే నిలుస్తుంది.

ఆ) పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న ప్రశ్న ప్రశ్నావళిలో తప్పనిసరిగా ఉండాలి. తల్లి, అమ్మమ్మ, అత్త, తోటి కూలి, రేడియో, క్యాసెట్ - సమాధానం ఏదైనా అది పాట చరిత్రలో భాగమే.

ఇ) కైగట్టినవారు, ఎత్తుకున్నవారు, సేకరించినవారు, అనుసరించినవారు అన్న నాలుగు పాత్రలను వేరువేరుగా చూపాలి. సినిమా పాటకు కూడా ఇదే క్రమం వర్తింపజేయవచ్చు. తెరపై ఒక పంక్తి అదనంగా వేయడానికి పరిశ్రమకు కలిగే భారం స్వల్పం.

9. ముగింపు:

‘సారంగ దరియా’ వివాదంలో చివరకు గుర్తింపు, పారితోషికం ఇవ్వడానికి అంగీకారం కుదరడం హర్షించదగిన విషయం. అయితే పాట కోట్లమందికి చేరిన తరువాత, గాయని స్వయంగా గొంతెత్తిన తరువాత దక్కిన గుర్తింపు అది. గొంతెత్తే ధైర్యం గాని, వినే వేదిక గాని లేని గాయనులు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో, గూడేల్లో చాలామంది ఉన్నారు. వారి విషయంలో ఏ వివాదమూ తలెత్తదు. అందువల్ల ఏ వార్తా రాదు, ఏ సర్దుబాటూ జరగదు.

పై పరిశీలన నుండి తేలినవి మూడు. జానపద గేయానికి తొలికర్త తెలియకపోవడం వేరు, దాన్ని మోసుకువచ్చిన గాయకుల పేరు చెప్పకపోవడం వేరు. సముదాయం పంచుకున్న పేరులేమిని గాని, ఉద్యమం ఎంచుకున్న పేరులేమిని గాని చూపి విపణి మోపిన పేరులేమిని సమర్థించలేం. చట్టం ఈ మధ్య మజిలీని చూడలేకపోతున్నందున, ఆ పేరును నిలిపే మొదటి బాధ్యత పాటను మొదట అక్షరాల్లోకి తెచ్చే పరిశోధకులది. రికార్డరు ఆపే ముందు “మీ పేరేమిటమ్మా, ఈ పాట మీకు ఎవరు నేర్పారు?” అని అడిగి, వచ్చిన జవాబును పాట పక్కనే అచ్చు వేయించడంతో ఆ పని మొదలవుతుంది.